రిట్రీట్ మూణ్ణాళ్ళ ముచ్చటేనా? పెద్దల రిట్రీట్లు, యూత్ రిట్రీట్లు అసలు ఎలా పనిచేస్తాయి

క్లుప్తంగా

క్రైస్తవ ఆత్మీయ రిట్రీట్ల గురించి, అంటే కొన్ని రోజులు ఇల్లూ పనీ వదిలి ప్రార్థనకీ ధ్యానానికీ వెళ్ళడం గురించి, ఎప్పుడు మాటొచ్చినా రెండు వాదనలు ఎదురుపడతాయి. నా జీవితం అక్కడే మారిపోయింది అనే సాక్ష్యం ఒకవైపు, అదంతా రెండు వారాల ఎమోషన్ అనే పెదవి విరుపు ఇంకోవైపు. చిక్కేంటంటే రెండిట్లోనూ నిజం ఉంది. వెళ్ళింది ఏ రకం రిట్రీట్, వెళ్ళినవాళ్ళది ఏ వయసు, ఇష్టపడి వెళ్ళారా పంపిస్తే వెళ్ళారా, తిరిగొచ్చాక వాళ్ళ కోసం ఎవరైనా టైమ్ పెడుతున్నారా అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. వీటిలో ఆఖరిదే అన్నిటికన్నా ముఖ్యం, నిర్వాహకులు తక్కువ పట్టించుకునేది కూడా దాన్నే.

పేరొకటే, పనులు వేరు

గందరగోళం మొదలయ్యేదే ఇక్కడ. చర్చిలో ప్రకటనల టైమ్‌లో "వచ్చే నెల రిట్రీట్ ఉంది, పేర్లివ్వండి" అంటారు. పేరిచ్చినవాళ్ళలో ఒకావిడ మూడు రోజులు ప్రశాంతంగా బైబిల్ చదువుకోవచ్చు అనుకుంటుంది, ఒకాయన స్వస్థత ప్రార్థన ఉంటుందని వస్తాడు, కాలేజీ కుర్రాడేమో ఫ్రెండ్స్ అందరూ వెళ్తున్నారని వస్తాడు. ముగ్గుర్నీ ఒకే హాల్లో కూర్చోబెడితే ఎవరికీ కావాల్సింది దొరకదు, బయటికొచ్చాక ముగ్గురూ మూడు రకాలుగా చెప్తారు, వినేవాళ్ళకి తలా తోకా అర్థం కాదు.

మౌన రిట్రీట్ ఒక పద్ధతి. అందులో ఎవరితోనూ మాటలుండవు, రోజుకొకసారి గైడ్ దగ్గర అరగంటో ముప్పావు గంటో కూర్చోవడం, మిగతా టైమంతా వాక్యం, ప్రార్థన, నడక, నిద్ర. బోధన రిట్రీట్‌లో ఫాదర్ గానీ పాస్టర్ గానీ రోజుకి మూడు నాలుగు ప్రసంగాలు చేస్తారు, మధ్యలో ధ్యానానికి ఖాళీ ఇస్తారు. ఎన్‌కౌంటర్ రకం పూర్తిగా వేరు, అక్కడ నడిపేది ఒక టీమ్, అందులో ఎక్కువమంది మామూలు విశ్వాసులే, ప్రసంగాల కన్నా సాక్ష్యాలకీ చిన్న గ్రూపుల్లో మాట్లాడుకోవడానికీ బరువెక్కువ. ఇక యూత్ క్యాంప్ రిట్రీట్ అంటే పాటలు, ఆటలు, రాత్రి మీటింగ్, అందరికీ తెలిసిందే.

వీటిని కన్వెన్షన్లతో, ఉజ్జీవ (భక్తి ఒక్కసారిగా పొంగే) కూడికలతో కలిపేయడం ఇంకో పొరపాటు. ఇంగ్లాండ్‌లో 1875లో మొదలైన కెస్విక్ కన్వెన్షన్, కేరళలో పంపా నది ఇసుక మీద 1895 నుంచి జరుగుతున్న మారామన్ కన్వెన్షన్ లాంటివి వేలమంది కోసం పెట్టినవి, అక్కడ ఎవరొచ్చారో ఎవరు మధ్యలో లేచెళ్ళారో ఎవరికీ తెలీదు. రిట్రీట్‌లో కుర్చీ ఒక్కటి ఖాళీ అయినా తెలిసిపోతుంది. ఉజ్జీవం అనేదైతే అసలు ప్లాన్‌లోనే ఉండదు. 2023 ఫిబ్రవరి 8న అమెరికాలోని ఆస్బరీ యూనివర్సిటీలో మామూలు చాపెల్ ఆరాధన అయిపోయాక కొంతమంది స్టూడెంట్స్ లేవకుండా కూర్చుండిపోయారు, అది దాదాపు 16 రోజులు సాగింది, చిన్న ఊరికి వేలకు వేలమంది వచ్చిపడ్డారు, చివరికి యూనివర్సిటీ వాళ్ళే అక్కడ బహిరంగ ఆరాధన ఆపేశారు. దానికి షెడ్యూల్ లేదు. రిట్రీట్‌కి మాత్రం షెడ్యూలే ప్రాణం, మంచైనా చెడైనా చాలావరకు ఆ షెడ్యూల్ నుంచే వస్తుంది.

ఎక్కడి నుంచి వచ్చింది

సువార్తల్లో దీనికి ఆధారంగా ఎక్కువమంది చూపించేది మార్కు 6:31. శిష్యులు సేవ చేసి తిరిగొస్తే యేసు వాళ్ళని ఏకాంతంగా అరణ్య ప్రదేశానికి రమ్మని, కొంచెంసేపు అలసట తీర్చుకోమని అంటాడు. అయితే తర్వాతి వచనాలు చదివితే ఆ రిట్రీట్ జరగనే లేదు, జనం కాలినడకన పరుగెత్తి వాళ్ళకన్నా ముందే అక్కడికి చేరిపోయారు, సాయంత్రానికి అది 5 వేలమందికి భోజనం పెట్టే పనిగా మారింది. ఫోన్ ఆఫ్ చేసి కూర్చుందామని వెళ్ళి రెండు గంటల్లో మళ్ళీ ఆన్ చేసేవాళ్ళకి ఇది కాస్త ఊరటే.

ఎడారి ఏకాంతం సంప్రదాయంగా స్థిరపడింది 3, 4 శతాబ్దాల్లో, ఈజిప్టులో ఆంథోనీ లాంటి సన్యాసులతో. కానీ కొన్నాళ్ళు వెళ్ళి మళ్ళీ ఇంటికి రావడం అనే ఇప్పటి పద్ధతికి ఒక రూపం ఇచ్చింది ఇగ్నేషియస్ లొయోలా. 1521లో పాంప్లోనా యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగిన ఈ సైనికుడు, మంచం మీద చదివిన పుస్తకాలతో మనసు మారి, 1522లో స్పెయిన్‌లోని మన్రేసాలో నెలల తరబడి ప్రార్థనలో గడిపాడు. తనలో ఏం జరుగుతోందో రాసుకున్న నోట్సే తర్వాత ఆత్మీయ సాధనల పుస్తకమైంది, 1548లో పోప్ మూడో పౌలు దాన్ని ఆమోదించాడు. అది చదువుకునే పుస్తకం కాదు, రిట్రీట్ నడిపేవాడి చేతిలో ఉండే మాన్యువల్. సుమారు 30 రోజులు, నాలుగు వారాలుగా విభజన. మొదటి వారం పాపం, రెండోది క్రీస్తు జీవితం, మూడోది శ్రమలు, నాలుగోది పునరుత్థానం. 17వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని వాన్ పట్టణంలో మామూలు జనం కోసమే ప్రత్యేకంగా రిట్రీట్ ఇళ్ళు వచ్చాయి. 1929లో పోప్ పదకొండో పయస్ ఒక విశ్వలేఖే (సంఘమంతటికీ పోప్ రాసే లేఖ) రాసి రిట్రీట్లు ఫాదర్లకీ సిస్టర్లకీ మాత్రమే కాదు, గృహస్థులకీ కార్మికులకీ కూడా అని ప్రోత్సహించాడు.

మూడు రోజుల వీకెండ్ మోడల్ మాత్రం స్పెయిన్‌కే చెందిన మయోర్కా ద్వీపం నుంచి వచ్చింది. 1940ల్లో స్పెయిన్‌లోని శాంటియాగో తీర్థయాత్రకి యువకుల్ని సిద్ధం చేస్తూ అక్కడి కతోలిక యువజనులు చిన్న కోర్సులు పెట్టారు, అందులోంచి ఎదువార్దో బొన్నీన్ అనే మామూలు విశ్వాసి, ఆయన తోటివాళ్ళు కలిసి కుర్సిల్యో అనే ఉద్యమాన్ని తయారుచేశారు. 1957లో అది అమెరికాలోని టెక్సస్ చేరింది, తర్వాత ప్రొటెస్టెంట్లు కూడా అదే అచ్చు తీసుకుని వాక్ టు ఎమ్మావు, వియా దె క్రిస్తో, త్రెస్ దియాస్ లాంటి పేర్లతో నడిపారు. టీనేజ్ పిల్లల కోసం 1965లో మిషిగన్‌లో టెక్ (టీన్స్ ఎన్‌కౌంటర్ క్రైస్ట్) రిట్రీట్ వచ్చింది, అమెరికా కతోలిక హైస్కూళ్ళలో కైరోస్ పేరుతో జరిగేది కూడా ఈ కుటుంబమే. ఇవాళ ఏ సంఘమైనా శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టి ఆదివారం మధ్యాహ్నం ముగించే రిట్రీట్ పెట్టిందంటే, వాళ్ళకి తెలిసినా తెలియకపోయినా, అందులో మయోర్కా పోలికలు ఎక్కడో ఒకచోట కనిపిస్తాయి.

30 రోజులది 3 రోజుల్లోకి కుదిస్తే

ఇగ్నేషియస్ వారాలకీ కెస్విక్ రోజులకీ మధ్య ఒక పోలిక ఉంది. కెస్విక్ పాత పద్ధతిలో వారం మొదట్లో పాపం, తర్వాత క్రీస్తులో దొరికే పరిష్కారం, ఆ తర్వాత సమర్పణ, ఆత్మ నింపుదల, చివరికి సేవ. వీకెండ్ రిట్రీట్లు కూడా ఇంచుమించు ఇదే వరుస, ముందు నీ పరిస్థితి చూసుకో, తర్వాత దేవుని ప్రేమ చూడు, నిన్ను నువ్వు అప్పగించుకో, వెళ్ళి బతుకు. వరుసలో తప్పేం లేదు, వేగంలో ఉంది అసలు సంగతి.

ఇగ్నేషియస్ పద్ధతిలో మొదటి వారం అంటే ఏడు రోజులే అని రూల్ లేదు. మనిషి పాపం గురించిన దుఃఖానికి చేరాడా లేదా చూసి, కొందరికి కుదించమని, కొందరికి పొడిగించమని పుస్తకంలోనే ఉంది. అంటే క్యాలెండర్ మనిషి కోసం ఆగుతుంది. మూడు రోజుల రిట్రీట్‌లో మనిషి క్యాలెండర్‌ని అందుకోవాలి. శనివారం రాత్రి 8 గంటలకి పశ్చాత్తాపం అని షెడ్యూల్‌లో ఉంటే ఆ టైమ్‌కి హాల్లో ఉన్న 60 మందికీ పశ్చాత్తాపం రావాలి. సహజంగా రానివాళ్ళ కోసం మ్యూజిక్, లైటింగ్, స్వరం, పక్కవాళ్ళ ఏడుపు సాయానికొస్తాయి. ఎవరో మోసం చేద్దామని కూర్చుని డిజైన్ చేసింది కాదిది, టైమ్ తక్కువైనప్పుడు ఏ నిర్వాహకుడైనా చేరుకునే చోటే.

పైన చెప్పినవి కాక ఇంకో నాలుగైదు శక్తులు లోపల పనిచేస్తాయి. ఇల్లు, ఆఫీస్, ఫోన్ దూరమవడం మొదటిది. తర్వాత ఏం చేయాలో నిర్ణయించుకునే భారం లేకపోవడం, బెల్ కొడితే లేవడం, బెల్ కొడితే కూర్చోవడం, రోజంతా నిర్ణయాలతో సతమతమయ్యే పెద్దవాళ్ళకి ఇదే సగం విశ్రాంతి. ఆపైన హోదాలు కరిగిపోవడం, మేనేజరూ డ్రైవరూ ఒకే వరుసలో ప్లేట్లు కడుగుతుంటే వాళ్ళ మధ్య వచ్చే దగ్గరితనాన్ని ఆంత్రోపాలజిస్ట్ విక్టర్ టర్నర్ కమ్యూనిటాస్ అన్నాడు. అంతకుముందే, 1912లో, సమాజశాస్త్రవేత్త ఎమిల్ దుర్ఖీమ్ జనం ఒకచోట చేరి ఒకే లయలో కదిలినప్పుడు పుట్టే పొంగు గురించి రాశాడు. ఇక సాక్ష్యం, ఇంకొకరి కథ వింటుంటే మన కథకి మాటలు దొరుకుతాయి, ఇన్నాళ్ళూ పేరు లేని బాధకి పేరొస్తుంది.

ఇవన్నీ చెప్తే విశ్వాసులు కొందరు నొచ్చుకుంటారు, దేవుని పనిని సైకాలజీకి తగ్గించేస్తున్నారని. అలా తగ్గించక్కర్లేదు. మనుషుల మీద ఏది ఎలా పనిచేస్తుందో తెలిసినంతమాత్రాన అందులో దేవుడు లేడని తేలదు, ఉన్నాడనీ తేలదు.

శనివారం రాత్రి, ఒక హాలు

యూత్ రిట్రీట్‌లో ఆ గంట ఎలా ఉంటుందో కాస్త దగ్గర్నుంచి చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. పగలంతా ఆటలు, ముందు రోజు రాత్రి డార్మెటరీలో కబుర్లతో నిద్ర లేదు. ఆరాధన పాటలు స్పీడ్‌గా మొదలై మెల్లగా నెమ్మదిస్తాయి, ప్రసంగం చివరికొచ్చేసరికి కీబోర్డ్ మీద ఒకే తీగలాంటి శబ్దం ఆగకుండా వస్తుంటుంది, స్పీకర్ గొంతు తగ్గిస్తాడు. "అందరూ కళ్ళు మూసుకోండి, ఎవరూ ఎవర్నీ చూడొద్దు, ప్రభువు నీతో మాట్లాడుతున్నాడు అనిపిస్తే చెయ్యెత్తు." కాసేపాగి, "ఇంకెవరైనా ఉన్నారా? ఇంకొక్కరు ఉన్నారని నాకనిపిస్తోంది." చేతులెత్తినవాళ్ళని ముందుకి రమ్మంటారు. ఒక అమ్మాయి ఏడుస్తూ కదుల్తుంది, రూమ్మేట్స్ ఇద్దరూ వెంట నడుస్తారు, ఇంకో పది నిమిషాల్లో కూర్చునున్నవాళ్ళే తక్కువైపోతారు. ఇప్పుడు కూర్చుని ఉండటానికే ఎక్కువ ధైర్యం కావాలి.

అక్కడున్న పిల్లల్లో కొందరికి అది నిజంగా మలుపే. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేనిది మొదటిసారి చెప్పుకుంటారు, ఒక పెద్ద వ్యక్తి తన కోసం పేరు పెట్టి ప్రార్థన చేయడం మొదటిసారి వింటారు. ఇంకొందరు పక్కవాళ్ళని బట్టి లేచారు. బయట్నుంచి చూస్తే ఇద్దరూ ఒకేలా ఉంటారు, ఆదివారం రిపోర్ట్‌లో ఇంతమంది తీర్మానం చేసుకున్నారు అనే నంబర్‌లో ఇద్దరూ ఉంటారు. అదే కుర్రాడు పోయినేడాదీ చెయ్యెత్తాడు, వచ్చే ఏడాదీ ఎత్తుతాడు. అతని విషయంలో పట్టించుకోవాల్సిన ప్రశ్న ఏంటంటే, మధ్యలో ఉన్న 12 నెలలు ఎవరితో ఏం మాట్లాడాడు అని.

కుర్సిల్యో, కైరోస్ పద్ధతిలో ఇంకో సాధనం ఉంది, ఉత్తరాలు. వచ్చినవాళ్ళకి తెలియకుండా వాళ్ళ అమ్మానాన్నల నుంచి, ఫ్రెండ్స్ నుంచి ముందే ఉత్తరాలు తెప్పిస్తారు, ఒక పూట అందరికీ కవర్లు పంచి ఎవరికి వాళ్ళు వేరే వేరే మూలల్లో కూర్చుని చదువుకోమంటారు. ప్రేమని ఎప్పుడూ నోటితో చెప్పని నాన్న రెండు పేజీలు రాస్తే 16 ఏళ్ళ పిల్లాడి మీద అది ఏ ప్రసంగం కన్నా లోతుగా దిగుతుంది. అందుకే మంచి టీమ్‌లు వారాల ముందు నుంచే ఫోన్లు చేసి ఒక్క పిల్లాడికి కూడా కవర్ తక్కువ కాకుండా చూసుకుంటాయి, ఎందుకంటే అందరూ చదువుకుంటున్నప్పుడు ఖాళీ చేతులతో కూర్చున్నవాడికి ఆ రిట్రీట్ మంచి చేయదు. ఇంత బాగా పనిచేసే దీన్ని ముందే చెప్పేస్తే పనిచేయదు, కాబట్టి రహస్యంగా ఉంచుతారు, ఆ రహస్యమే బయటివాళ్ళకి అనుమానంగా కనిపిస్తుంది.

పెద్దల దగ్గర వేరే ఇబ్బంది

పెద్దవాళ్ళకి అదే ఫార్ములా వాడితే సగం మందికి పట్టదు. నలభై దాటిన మనిషి ఎమోషనల్ మీటింగులు చాలా చూసుంటాడు, ఎక్కడ చప్పట్లు కొట్టాలో ఎక్కడ ఆమేన్ అనాలో తెలుసు, కదలడు. అతని సమస్య నిర్ణయం తీసుకోకపోవడం కాదు, తీసుకున్న నిర్ణయాల కింద నలిగిపోవడం. అప్పు, అనారోగ్యం, పలకని భార్యాభర్తలు, సంఘంలోనే మనస్పర్థలు, చేస్తున్న ప్రార్థన పొడిబారిపోవడం.

మౌన రిట్రీట్ల అనుభవం ఉన్న గైడ్లు మొదటి రోజు పెద్దగా ఏమీ ఆశించరు. వచ్చినవాళ్ళు చాలామంది పడుకుంటారు. 1 రాజులు 19లో ఏలీయా ప్రాణం విసిగి చెట్టు కింద పడుకుంటే దేవదూత ముందు నిద్రపోనిచ్చి, లేపి తిండి పెట్టి, మళ్ళీ పడుకోనిచ్చి, మళ్ళీ తిండి పెట్టాడు, హోరేబులో దేవుడు మాట్లాడింది ఆ తర్వాతే. రెండో రోజు విసుగొస్తుంది, మనసు ఆఫీస్ మెయిళ్ళ చుట్టూ తిరుగుతుంది, ఎందుకొచ్చాంరా అనిపిస్తుంది. మూడో రోజుకి గానీ లోపల అడుగున ఉన్నది పైకి రాదు, పైకొచ్చేది ఎప్పుడూ తీయగా ఉండదు, పాత కోపాలు, చనిపోయినవాళ్ళ మీద దిగులు, చేసిన అన్యాయాలు. అప్పటికి రిట్రీట్ అయిపోతే వాటిని తెరిచి మధ్యలో వదిలేసినట్టే. మౌన రిట్రీట్ ఐదు రోజులో ఎనిమిది రోజులో ఉంటే మంచిదని ఇగ్నేషియస్ పద్ధతి పాటించే రిట్రీట్ ఇళ్ళు అనేది అందుకే, కానీ ఉద్యోగం, పిల్లలు ఉన్నవాళ్ళకి ఎనిమిది రోజులు ఎక్కడ దొరుకుతాయి, దొరికేది వీకెండే. ఈ రెండిటి మధ్య గుంజులాట ఇంతవరకు తేలలేదు.

యూత్‌కి మౌనం పనికిరాదు అనుకోవడం కూడా తొందరపాటే. ఫ్రాన్స్‌లోని తైజేలో 1940లో బ్రదర్ రోజర్ మొదలుపెట్టిన సమాజానికి దశాబ్దాలుగా వారం వారం వందలు వేలుగా యువకులు వస్తున్నారు. అక్కడ పెద్ద స్టేజ్ లేదు, ముందుకి రమ్మనే పిలుపు లేదు. రోజుకి మూడుసార్లు ప్రార్థన, ఒకే చిన్న పల్లవిని మళ్ళీ మళ్ళీ పాడటం, మధ్యలో పూర్తి నిశ్శబ్దం. పగలు బైబిల్ పరిచయం, చిన్న గ్రూపులు, వంటా క్లీనింగూ యువకులే. కావాలంటే వారమంతా మౌనంగా ఉండే ఏర్పాటు కూడా ఉంది. పిల్లలకి సందడి లేకపోతే విసుగు అనే మాటని తైజే ఒక్కటే చాలావరకు అబద్ధం చేసింది, అయితే అక్కడికి వచ్చేవాళ్ళు ఎక్కువగా తమంతట తాము ప్రయాణం చేసి వచ్చేవాళ్ళు, తల్లిదండ్రులు పేరిచ్చేస్తే వచ్చినవాళ్ళు కాదు, ఈ తేడా మర్చిపోకూడదు.

పొంగు నమ్మదగినదేనా: పాత తగవు

ఇది ఇప్పుడు పుట్టిన చర్చ కాదు. 1801లో అమెరికాలోని కేన్ రిడ్జ్ క్యాంప్ మీటింగ్‌లో వేలమంది ఏడ్చి కిందపడి కేకలేసినప్పుడూ ఇదే వాదన. దానికన్నా ముందే, 1746లో, జోనాథన్ ఎడ్వర్డ్స్ అనే పాస్టర్ తన చుట్టూ జరిగిన ఉజ్జీవాన్ని చూశాక ఒక పెద్ద పుస్తకం రాశాడు. ఆయన మాట సారాంశం ఏంటంటే భావోద్వేగం తీవ్రంగా ఉండటం అది దేవుని వల్ల వచ్చిందనడానికి రుజువు కాదు, అలాగే కాదనడానికీ రుజువు కాదు, గుర్తు అంటే ఆ తర్వాత ఆ మనిషి నడవడే. సుమారు 90 ఏళ్ళ తర్వాత చార్లెస్ ఫిన్నీ అనే అమెరికా ఉజ్జీవ ప్రసంగీకుడు ఇంకో దారి పట్టాడు, ఉజ్జీవం అద్భుతం కాదు, సరైన సాధనాల్ని సరిగ్గా వాడితే వచ్చే ఫలితం అన్నాడు. ఇవాళ్టి శనివారం రాత్రి మీటింగులు చాలావరకు ఫిన్నీ వారసత్వమే, వాటి మీద వచ్చే విమర్శ ఎడ్వర్డ్స్ వారసత్వం.

వీళ్ళిద్దరికన్నా ముందే ఇగ్నేషియస్ తన మాన్యువల్‌లో రిట్రీట్ నడిపేవాళ్ళకి ఒక హెచ్చరిక పెట్టాడు, ఇది యూత్ లీడర్లు ఎంత తరచుగా చదివితే అంత మంచిది. సాధన చేస్తున్న వ్యక్తి మంచి ఓదార్పులో, ఉత్సాహంలో ఉన్నట్టు కనిపిస్తే, తొందరపడి ఏ ప్రమాణమూ మొక్కూ చేయకుండా అతన్ని ముందే ఆపాలి, మనిషి నిలకడ లేనివాడైతే ఇంకా గట్టిగా ఆపాలి అని పద్నాలుగో సూచన. పదిహేనో సూచనలో, నడిపేవాడు ఇటో అటో తోయకుండా త్రాసు ముల్లులా మధ్యలో నిలబడాలి, సృష్టికర్తనీ సృష్టినీ నేరుగా వ్యవహరించుకోనివ్వాలి అంటాడు. మనసు చీకటిగా ఉన్నప్పుడు కూడా అంతే, వెలుగులో తీసుకున్న తీర్మానాన్ని చీకట్లో మార్చొద్దు అని ఇంకో నియమం.

దీన్ని పక్కన పెట్టుకుని చూస్తే ఇప్పటి పద్ధతి దాదాపు తలకిందులు. ఉత్సాహం ఎక్కడ గరిష్ఠంగా ఉందో సరిగ్గా అక్కడే "సేవకి సమర్పించుకునేవాళ్ళు నిలబడండి" అంటారు. 17 ఏళ్ళ అమ్మాయి చదువు వదిలి సేవకి వెళ్తానని ఆ రాత్రి మాటిస్తే, ఆ మాట దేవునికిచ్చిందా ఆ హాలుకిచ్చిందా తెలియడానికి కొన్ని నెలలు కావాలి, ఆ నెలలు ఎవరూ ఇవ్వట్లేదు. నిలబడటం తప్పు కాదు, నిలబెట్టే టైమ్ తప్పు.

నాలుగో రోజు

కుర్సిల్యో వాళ్ళు రిట్రీట్ తర్వాతి జీవితం మొత్తాన్ని నాలుగో రోజు అంటారు, మూడు రోజులూ దాని కోసమే అని వాళ్ళ లెక్క. మాటలతో వదిలేయకుండా ఏర్పాటు కూడా చేశారు. రిట్రీట్ చేసిన నలుగురైదుగురు వారం వారం కలుస్తారు, భక్తి ఎలా ఉంది, ఏం నేర్చుకున్నావు, ఏం చేశావు అనే మూడింటి మీద ఒకరికొకరు నిజాయితీగా చెప్పుకుంటారు, ఈ వారంలో క్రీస్తుకి దగ్గరగా ఉన్నట్టు అనిపించిన క్షణం ఏది అని అడుగుతారు. ఈ చిన్న గ్రూపులన్నీ కలిసే పెద్ద కూడికని ఉల్ట్రేయా అంటారు. పెద్ద హంగేమీ లేదు, ఒక గంట పని, కానీ ఇది ఉన్నచోట రిట్రీట్ నిలబడుతుంది, లేనిచోట వాట్సాప్ గ్రూప్ మిగులుతుంది, అందులో మొదటి వారం ఫోటోలు, రెండో వారం వాక్యాలు, తర్వాత పండగ శుభాకాంక్షలు.

ఫాలోఅప్ ఎందుకు జరగదు అంటే కారణం సోమరితనం కాదు చాలాసార్లు. నిర్వాహకుల శక్తి, డబ్బు, సెలవులు అన్నీ ఆ మూడు రోజులకే అయిపోతాయి, ఆదివారం సాయంత్రానికి టీమ్ మొత్తం అలిసిపోయి ఉంటుంది. స్పీకర్ బయటినుంచి వచ్చినవాడు, వెళ్ళిపోతాడు. సొంత సంఘం పాస్టర్ అసలు రిట్రీట్‌లో ఉండకపోతే ఏ పిల్లాడు ఏం చెప్పుకున్నాడో ఆయనకి తెలీదు. అమెరికాలో 2000 తర్వాత జరిగిన జాతీయ యువత, మతం అధ్యయనం తేల్చిన ముఖ్యమైన విషయం, పిల్లల విశ్వాసం మీద అన్నిటికన్నా ఎక్కువ ప్రభావం తల్లిదండ్రులదే అని. మరి రిట్రీట్ నుంచి వచ్చిన పిల్లాడి ఇంట్లో వాళ్ళకి అక్కడేం జరిగిందో ఒక్క ముక్క కూడా చెప్పకుండా పంపిస్తే, ఆదివారం రాత్రి భోజనం దగ్గర "ఎలా జరిగింది", "బాగుంది" అనే రెండు మాటలతో అయిపోతుంది.

ఇంకో వైపు నుంచి కూడా దెబ్బ ఉంది. రిట్రీట్‌లో ఉజ్జీవం పొందినవాళ్ళు తిరిగొచ్చి, పొందనివాళ్ళని చప్పగా ఉన్నారని చూడటం మొదలుపెడితే సంఘం రెండు ముక్కలవుతుంది. పాటలు మార్చాలంటారు, ప్రార్థన ఇలాగే చేయాలంటారు. కుర్సిల్యోకే ఈ తిప్పలు తప్పలేదు, పుట్టిన మయోర్కాలోనే 1956లో అక్కడి బిషప్ వాటిని ఆపించాడు. మరోవైపు 1967 ఫిబ్రవరిలో అమెరికాలోని డ్యుకేన్ యూనివర్సిటీ విద్యార్థులు రెండు డజన్ల మంది దాకా చేసిన ఒక వీకెండ్ రిట్రీట్ నుంచే పరిశుద్ధాత్మ వరాలకి ప్రాధాన్యమిచ్చే కతోలిక కరిస్మాటిక్ ఉద్యమం మొత్తం లేచింది, దాన్ని కూడా మొదట్లో అనుమానంగానే చూశారు, తర్వాత పోపులే దగ్గరికి తీశారు. ఏ పొంగు చీలికగా మారుతుందో ఏది సంఘంలో కలిసిపోతుందో ఆ మొదటి నెలల్లో చెప్పడం కష్టం, తిరిగొచ్చినవాళ్ళకి సంఘంలోనే ఒక పని అప్పగిస్తే మాత్రం చీలిక తగ్గొచ్చు.

పేరిచ్చేముందు అడగాల్సినవి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. ఉపవాసం ఉంటే ఎవరెవరికి మినహాయింపు, షుగర్, బీపీ, మూర్ఛ మందులు వేసుకునేవాళ్ళ సంగతేంటి అనేది ముందే తేలాలి. స్వస్థత ప్రార్థన అయ్యాక మందులు ఆపేయమని చెప్పే నిర్వాహకుడు ఉంటే అక్కడితో ఆ రిట్రీట్ గురించి ఆలోచించడం ఆపొచ్చు. డిప్రెషన్‌కో ఇంకే మానసిక సమస్యకో చికిత్సలో ఉన్నవాళ్ళకి పొడవైన మౌనం, నిద్ర తగ్గించే రాత్రి ప్రార్థనలు మంచి చేయకపోగా చెడు చేసే అవకాశం ఉంది, బాధ్యత ఉన్న రిట్రీట్ ఇళ్ళు అప్లికేషన్‌లోనే ఈ ప్రశ్న అడుగుతాయి.

పిల్లల విషయంలో ఇంకాస్త. ఏ పెద్ద వ్యక్తీ ఏ పిల్లాడితోనూ తలుపేసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు, ప్రార్థన కోసమైనా సరే. ఎంత గౌరవం ఉన్న సంస్థకీ దీన్నుంచి మినహాయింపు లేదు, 2019లో తైజే సమాజం కూడా తమ బ్రదర్స్ కొందరి మీద వచ్చిన పాత లైంగిక దాడుల ఫిర్యాదుల్ని తామే బయటపెట్టి ప్రభుత్వ ప్రాసిక్యూటర్‌కి తెలియజేయాల్సొచ్చింది. "ఇక్కడ విన్నది ఇక్కడే వదిలేయాలి" అనే రూల్ చిన్న గ్రూపుల్లో అవసరమే, అది లేకపోతే ఎవరూ నోరు విప్పరు. కానీ ఒక పిల్ల తన మీద జరుగుతున్న వేధింపు చెప్తే ఆ రూల్ అక్కడ ఆగిపోవాలి, ఈ సంగతి గ్రూప్ మొదలయ్యేముందే పిల్లలకి చెప్పాలి, చాలా దేశాల చట్టాలు అలాంటివి అధికారులకి తెలియజేయమనే అంటాయి. పాపసంకీర్తనం (కన్ఫెషన్) వేరు, అది గురువుకీ పశ్చాత్తాపపడే మనిషికీ మధ్య జరిగే దివ్యసంస్కారం, 20 ఏళ్ళ వాలంటీర్ లీడర్ చెవిలో పడినది ఆ కోవలోకి రాదు.

ఇక పిల్లాడు నిజంగా రావాలనుకుంటున్నాడా అన్న ప్రశ్న. బలవంతంగా పంపిన రిట్రీట్‌లో పిల్లలు నేర్చుకునేది ఎలా నటించాలో మాత్రమే, అది వాళ్ళు బాగా నేర్చుకుంటారు కూడా.

ఇంట్లోనే చేసే రిట్రీట్

వీకెండ్‌కీ 30 రోజులకీ మధ్య దారి కోసం వెతికేవాళ్ళకి సమాధానం మళ్ళీ ఆ పాత మాన్యువల్‌లోనే ఉంది. పంతొమ్మిదో సూచనలో, ఉద్యోగ బాధ్యతల వల్ల అన్నీ వదిలి రాలేనివాళ్ళు రోజుకి గంటన్నర కేటాయించి ఇంటి నుంచే సాధనలన్నీ చేయొచ్చని ఇగ్నేషియస్ రాశాడు. 30 రోజుల పని చాలా నెలలకి సాగుతుంది, వారానికొకసారి గైడ్‌ని కలవాలి. ఇంటర్నెట్ వచ్చాక ఇది ఇంకా సులువైంది, అమెరికాలోని క్రైటన్ యూనివర్సిటీ జెస్యూట్ (ఇగ్నేషియస్ స్థాపించిన సభ) సంప్రదాయంలో 34 వారాల ఆన్‌లైన్ రిట్రీట్ ఎప్పట్నుంచో ఉచితంగా అందిస్తోంది, 2020లో అందరూ ఇళ్ళలో కూర్చోవాల్సి వచ్చినప్పుడు ఇలాంటివాటి అవసరం చాలామందికి తెలిసొచ్చింది.

ఇందులో శనివారం రాత్రి ఉండదు, అందుకని సోమవారం పడిపోవడమూ ఉండదు. రోజూ చేసే పని మధ్యలోనే ప్రార్థన కూడా జరుగుతుంది కాబట్టి రెండిట్నీ తర్వాత కలపాల్సిన ఇబ్బంది రాదు. దీని బలహీనత వేరేచోట ఉంది, ఆరంభశూరత్వం. మొదటి నెల బాగా సాగుతుంది, పిల్లల పరీక్షలో ఆఫీస్ ఆడిటో వచ్చిన వారం ఆగిపోతుంది, మళ్ళీ ఎక్కడ అందుకోవాలో తెలీదు. ఇద్దరు ముగ్గురు కలిసి చేసినప్పుడు, లేదా ముందు ఒక వీకెండ్ వెళ్ళొచ్చి తర్వాత వారాల తరబడి ఇంట్లో కొనసాగించినప్పుడు మధ్యలో మానేయడం తగ్గుతుందని నడిపేవాళ్ళు చెప్తుంటారు. యూత్ కోసం ఈ రెండో పద్ధతి పెట్టాలంటే ప్రతి నలుగురైదుగురు పిల్లలకీ ఒక పెద్ద మనిషి ఏడాది పొడవునా వారానికో సాయంత్రం ఇవ్వాలి. స్పీకర్‌ని పిలవడం కన్నా, హాలు బుక్ చేయడం కన్నా సంఘాలకి కష్టమనిపించేది ఈ సాయంత్రాలే.